తెలుగు నేర్చుకున్న తమిళ బిషప్: డోర్నకల్ అజరయ్య గారి జీవితం

కిందటి క్రిస్మస్‌కు ముందు మా ఊరి తెలుగు చర్చి పెద్దలు ఇద్దరు మా తెలుగు సంఘం ఆఫీసుకి వచ్చారు. మాది తమిళనాడులో ఒక మధ్యరకం ఊరు. తెలుగువాళ్ళం ఇక్కడికి వచ్చి ఎన్ని తరాలైందో చెప్పగలిగిన పెద్దలు ఇప్పుడు లేరు. మా కుటుంబం క్రైస్తవ కుటుంబం కాదు. అయినా తెలుగులో ఏదైనా రాయించుకోవాలంటే అన్ని మతాలవాళ్ళూ మా ఆఫీసు మెట్లే ఎక్కుతారు.

వాళ్ళ బాధ ఇది. చర్చి కబుర్లన్నీ ఇప్పుడు సెల్‌ఫోన్ గ్రూపులో ఇంగ్లీషులో వెళ్తున్నాయి. ఆ మధ్య ఒక ఆదివారం ఆరాధన గంట ముందుకు జరిపారు. ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఎప్పటి వేళకే వచ్చి, అంతా అయిపోయి తలుపులు మూస్తుంటే మెట్ల మీద కూర్చుండిపోయిందట. తనకెవరూ చెప్పలేదని ఆవిడ అంది. మెసేజ్ పంపామని కుర్రాళ్ళు అన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా వెనక బెంచీలో కూర్చుని, ఎవరూ పలకరించకుండానే వెళ్ళిపోతున్నారట. ఇకనుంచి సభ్యులకూ అతిథులకూ పంపడానికి మంచి తెలుగులో ఒక ఉత్తరం రాసిపెట్టమని అడిగారు.

రాసి ఇచ్చాను. కానీ ఆ మెట్ల మీది పెద్దావిడ నా మనసులోంచి పోలేదు. గుమాస్తాగా ఏళ్ళ తరబడి అవుట్‌వర్డ్ రిజిస్టరు రాసినవాణ్ణి నేను. ఆ రిజిస్టరులో నంబరు పడితే కాగితం వెళ్ళినట్టు లెక్క. అవతలివాడికి అది అర్థమైందా అని రాసుకునే గడి అందులో ఉండదు. కుర్రాళ్ళు చెప్పిన జవాబు ఆ రిజిస్టరు జవాబే.

అప్పుడు నాకు గుర్తుకొచ్చినవారు డోర్నకల్ బిషప్ అజరయ్య గారు. మనం తమిళదేశంలో స్థిరపడిన తెలుగువాళ్ళం. ఆయన తెలుగుదేశంలో స్థిరపడిన తమిళుడు. ఒక చర్చి తనవాళ్ళతోనూ బయటివాళ్ళతోనూ ఎలా మాట్లాడాలో ముప్పై అయిదేళ్ళు చేసి చూపించారు. ఆయన కథ మన ఇళ్ళలో తెలియాలని ఇది రాస్తున్నాను.

వెళ్ళాళన్‌విళై పిల్లవాడు

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. అప్పట్లో అది తిరునెల్వేలి జిల్లా, ఇప్పుడు తూత్తుకుడి జిల్లా. చుట్టూ ఎర్ర ఇసుక నేల, తాటి చెట్లు. తండ్రి థామస్ వేదనాయగం హిందువుగా పుట్టి క్రైస్తవుడై, ఆంగ్లికన్ చర్చిలో గురువుగా ఆ పల్లెలోనే పనిచేసేవారు. తల్లి ఎలెన్ భక్తిపరురాలు, పట్టుదల గల మనిషి. కొడుకు కోసం చాలా ఏళ్ళు ఎదురుచూసి ప్రార్థనలు చేశారు గనుక బైబిల్లోని సమూయేలు పేరు పెట్టుకున్నారు.

పిల్లవాడి చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి కష్టపడి పెంచింది. మెజ్ఞానపురంలోనూ తిరునెల్వేలిలోనూ బడి చదువు అయ్యాక మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. లెక్కలు ఆయన చదువు. సరిగ్గా చివరి పరీక్షల వేళకు జబ్బుపడి పరీక్ష రాయలేకపోయారు, డిగ్రీ రాలేదు. తరవాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమే పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చిందంటే, ఆ పోయిన డిగ్రీకి వడ్డీతో సహా ముట్టినట్టే.

1895లో ఆయన వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరారు. దక్షిణ దేశంలో ఊరూరా తిరిగి కాలేజీ కుర్రవాళ్ళను కలవడం, సభలు పెట్టడం, ఉత్తరాలు రాయడం ఆ ఉద్యోగం. అమెరికా నుంచి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ అనే యువకుడు అక్కడే స్నేహితుడయ్యాడు. ఒకరు దొరల దేశంవాడు, ఒకరు తాటితోపుల పల్లెవాడు. కలిసి ప్రయాణాలు చేశారు, కలిసి తిన్నారు, తప్పు కనిపిస్తే మొహం మీదే చెప్పుకున్నారు. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది. తరవాత ఎడింబరోలో ఆయన మాట్లాడిన మాటలకు వేరు ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

1898లో అన్బు మరియమ్మాళ్ గారితో ఆడంబరం లేకుండా పెళ్ళి జరిగింది. ఆ కాలానికి ఆవిడ బాగా చదువుకున్న మనిషి. డోర్నకల్‌లో జరిగిన పనిలో సగం ఆవిడ చెయ్యి పడినదే.

యాళ్ళపాణంలో కలిగిన సిగ్గు

1902లో ఆయన యాళ్ళపాణం వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో వేరే చోట్లకు సువార్త పంపుతున్నారు. అది చూసి ఆయన సిగ్గుపడ్డారు. తిరునెల్వేలిలో క్రైస్తవులు వేలకు వేలు. అయినా ఏ పని చెయ్యాలన్నా సీమ నుంచి వచ్చే డబ్బుకే చెయ్యి చాచుతున్నారు.

తిరిగి వచ్చాక, 1903 ఫిబ్రవరిలో, కొందరు మిత్రులతో కలిసి తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మనుషులు మనవాళ్ళే, డబ్బు మనదే, నడిపేదీ మనమే అన్నది దాని నియమం. 1905 డిసెంబరు 25న బెంగాలులోని శ్రీరాంపూర్‌లో జాతీయ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడు కూడా ముందు నిలబడినవారిలో ఆయన ఒకరు. స్వదేశీ ఉద్యమం దేశంలో ఊపందుకుంటున్న రోజులవి. చర్చిలోపలికి కూడా అదే గాలి వచ్చిందని చెప్పుకోవచ్చు.

తిరునెల్వేలి వాళ్ళు పని చెయ్యడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. కాజీపేట, విజయవాడల మధ్య రైల్లో వెళ్ళేవారికి డోర్నకల్ జంక్షన్ తెలిసే ఉంటుంది. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. సింగరేణి బొగ్గు రైళ్ళ వల్ల జంక్షనైన ఊరు. చుట్టూ అడవి, మెట్ట పొలాలు, పేద పల్లెలు. తిరునెల్వేలి తల్లులు పిడికెడు బియ్యం తీసిపెట్టి, కూలిడబ్బుల్లోంచి అణాలు మిగిల్చి, తమ మనుషుల్ని అంత దూరానికి పంపారు.

అజరయ్య గారు డోర్నకల్ వెళ్ళి ఆ పని చూసి వచ్చారు. ఆ తరవాత మనసు నిలవలేదు. ఇతరుల్ని వెళ్ళమని సభల్లో చెబుతూ తాను మద్రాసులో కూర్చోవడం సరికాదనిపించింది. వై.ఎం.సి.ఎ. పదవి వదులుకుని, 1909లో గురువుగా అభిషేకం పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరారు.

ముప్పై అయిదో ఏట అక్షరాభ్యాసం

అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్ళు. తమిళంలో, ఇంగ్లీషులో వేలమందిని కూర్చోబెట్టి మాట్లాడగలిగిన మనిషి డోర్నకల్‌లో నోరు తెరవాలంటే అ ఆల దగ్గర మొదలుపెట్టాలి. ఇల్లు సరిగా లేక మొదట్లో గుడారంలో ఉన్నారు. ఎడ్లబండి మీదా సైకిలు మీదా పల్లెలు తిరిగారు.

దుబాసీని పెట్టుకుని పని గడుపుకోవచ్చు. ఆ రోజుల్లో అలా గడిపినవాళ్ళు ఉన్నారు. ఆయన ఆ దారి పట్టలేదు. తెలుగు నేర్చుకుని, తెలుగులోనే ప్రసంగాలు చేసి, తెలుగులోనే పంతుళ్ళకు పాఠాలు చెప్పారు. తమిళం నుంచి తెలుగులోకి రావడం ఎంత కష్టమో మన ఇళ్ళలో వేరే చెప్పక్కర్లేదు. రోజూ రెండు భాషల మధ్య తిరిగేవాళ్ళం మనం. క, గ ఒకే అక్షరంగా చదివిన నోటికి ఖ, ఘ వేరుగా పలకడం ఎలా ఉంటుందో మనకు తెలుసు. పొరపాటు పలికితే పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు భరించడానికి ఒప్పుకున్నవాడికే భాష వస్తుంది.

ఇక్కడ ఒక సంగతి ఆగి చూడాలి. ఆ పల్లెల్లో వినేవాళ్ళు పొలం కూలీలు. వాళ్ళలో చాలామందికి చదువు లేదు. వాళ్ళకు అర్థం కాకపోతే తప్పు వాళ్ళదని తేలిగ్గా అనెయ్యవచ్చు. అజరయ్య గారు దాన్ని తిరగేశారు. చెప్పవలసిన అవసరం నాది గనుక కష్టం కూడా నాదే అని నడుచుకున్నారు. తరవాత ఆయన చేసిన పనులన్నిటికీ ఇదే పునాది.

ఎడింబరోలో ఒక సాయంత్రం

1910 జూన్‌లో స్కాట్లాండ్ రాజధాని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళే. ఆసియా నుంచి వెళ్ళిన కొద్దిమందిలో అజరయ్య గారు ఒకరు. విదేశీ పనివాళ్ళకూ దేశీయ పనివాళ్ళకూ మధ్య సహకారం గురించి మాట్లాడమన్నారు.

ఆయన మర్యాదగా మొదలుపెట్టి అసలు సంగతి బయటపెట్టారు. దొరలు మాకోసం ఆస్తి ఇస్తున్నారు, ప్రాణాలు కూడా ఇస్తున్నారు, దానికి మేం కృతజ్ఞులం, అయితే మమ్మల్ని స్నేహితులుగా చూడటం లేదు అన్నది ఆయన చెప్పిన సారం. ఇంటికి వెళ్తే కుర్చీ వెయ్యరు, కలిసి భోంచెయ్యరు, జీతం ఇచ్చే యజమానికీ జీతగాడికీ ఉండే వరసే తప్ప మరో వరస లేదు అని చెప్పారు. కొందరు విదేశీయులకు మనసు నొచ్చింది. కొందరు సభలోనే తలలు వంచుకున్నారు. వందేళ్ళు దాటినా ప్రపంచంలో చర్చి చరిత్ర రాసేవాళ్ళెవరూ ఆ ప్రసంగాన్ని వదిలిపెట్టరు.

అతిథుల సంగతి మాట్లాడుకుంటున్నాం గనుక ఈ ముక్క నాకు ముఖ్యం. చర్చికి వచ్చినవాడికి కాగితం ఇవ్వడం, పేరు రాసుకోవడం తేలిక. పక్కన కూర్చోబెట్టుకోవడమే కష్టం. ఆ కష్టం గురించి ఆయన పరాయి దేశంలో నిలబడి చెప్పారు. స్వదేశానికి వచ్చాక అదే మాట తనవాళ్ళకూ చెప్పవలసి వచ్చింది.

బిషప్ అయ్యాక

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. అప్పటికి ఆయన వయసు ముప్పై ఎనిమిది. ఇంగ్లీషు గురువులు ఒక భారతీయుడి కింద పనిచేస్తారా అని సందేహించినవాళ్ళు చాలామంది ఉన్నారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు గట్టిగా వెనక నిలబడ్డారు. మొదట ఇచ్చిన డయోసిస్ చిన్నది. తరవాత 1920ల్లో మచిలీపట్నం, బెజవాడ, ఏలూరు వైపు పాత సంఘాలు కూడా కలిసి తెలుగుదేశంలో చాలా భాగం ఆయన కిందికి వచ్చింది. విశ్వాసుల లెక్క లక్ష దాటింది.

మనుషులు లక్షకు పైగా, పల్లెలు వందలు, దారులు లేవు, చదువు లేదు. వాళ్ళందరికీ మాట చేరాలంటే ఎలా? ఆయన ఏర్పాటు చూస్తే ఆఫీసు పని తెలిసిన నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ప్రతి పల్లెకూ ఒక పంతులు ఉండేవాడు. ఆయన ఆ పల్లెలోనే కాపురం ఉంటాడు. పగలు పిల్లలకు బడి చెబుతాడు. పొలం పని ముగించుకుని కూలీలు ఇళ్ళకు చేరేది పొద్దుగూకాక గనుక ప్రార్థన కూడా అప్పుడే పెడతాడు. వినేవాళ్ళకు ఏ వేళ కుదురుతుందో అదే ఆరాధన వేళ. చదువు రానివాళ్ళకు పుస్తకం ఇచ్చి లాభం లేదు గనుక ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటితో చెప్పించి కంఠతా పట్టించేవారు. బైబిలు కథలు కథలుగానే చెప్పేవారు. తెలుగు రాగాల్లో కట్టిన కీర్తనలు పాడించేవారు. పాట నోటికి వస్తే మాట మనసులో నిలుస్తుందని పల్లెవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

పంతుళ్ళకు శిక్షణ ఇచ్చేటప్పుడు వాళ్ళ భార్యలకూ శిక్షణ ఇచ్చేవారు. మగవాడు వెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడలేని ఇళ్ళు ఎన్నో ఉంటాయి. అక్కడ పంతులుగారి భార్యే వెళ్ళాలి. అన్బు అమ్మగారు ఈ ఆడవాళ్ళ పనిని దగ్గరుండి చూసుకున్నారు. పంతుళ్ళ పైన గురువులు, గురువుల పైన బిషప్. ఈ వరుస కాగితం మీదే ఉండిపోకుండా ఆయన ఏడాదిలో చాలా నెలలు పల్లెల్లోనే తిరిగేవారు. పల్లె మాట బిషప్ చెవిన పడేది అప్పుడే. కబురు పై నుంచి కిందికి రావడమే కాదు, కింది నుంచి పైకి వెళ్ళడం కూడా ఉండాలి కదా.

చదువుకున్నవాళ్ళ కోసం డయోసిస్‌కు ఇంగ్లీషులో ఒక పత్రిక ఉండేది. దూరదేశాల మిత్రులకు ఇక్కడి సంగతులు తెలిసేది దాంతోనే. ఎవరి భాషలో వాళ్ళకు చెప్పడం అంటే ఇదే. కూలీలకు కీర్తన, దూరపు మిత్రులకు పత్రిక.

ఆయన ప్రసంగాల్లో ఆకాశం సంగతులెన్నో నేల సంగతులూ అన్నే ఉండేవి. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలతో పోరాడాలని పల్లె పల్లెకూ చెప్పేవారు. సంఘంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కులాలవాళ్ళు. ఊరికి బయట పెట్టబడినవాళ్ళు. ఆ రెండు కులాల మధ్య కూడా కంచం పొత్తు లేదు. ఒకే గిన్నెలోంచి ప్రభు భోజనం తీసుకోవడానికి వెనకాడినవాళ్ళు ఉన్నారు. ఎడింబరోలో దొరలకు చెప్పిన మాటే ఇక్కడ తనవాళ్ళకు చెప్పారు. ఇద్దరికీ రెండు చర్చిలు పెడితే పని సుళువయ్యేది. ఆ సుళువుకు ఆయన ఒప్పుకోలేదు.

పుచ్చుకునేవాళ్ళు ఇచ్చేవాళ్ళయ్యారు

పేదవాళ్ళ దగ్గర కానుక తీసుకోవడం తప్పని చాలామంది అనుకునేవారు. ఇవ్వగలిగినప్పుడే మనిషి తలెత్తుకుంటాడని అజరయ్య గారి నమ్మకం. అన్నం వండే ముందు తల్లులు పిడికెడు బియ్యం దేవుడి కుండలో వేసేవారు. కోత పండుగలకు ధాన్యం, కోళ్ళు, కూరగాయలు, మేకపిల్లలు మోసుకొచ్చేవారు. చేతిలో పైసా లేని మనిషి కూడా ఆ రోజు వట్టి చేతులతో రాడు. క్రైస్తవ దానం గురించి ఆయన ఇంగ్లీషులో రాసిన క్రిస్టియన్ గివింగ్ అనే చిన్న పుస్తకం దూరదేశాల్లోనూ చదివారు.

బయటివాళ్ళతో మాట్లాడే పని కూడా ఆయన జీతగాళ్ళకు వదిలిపెట్టలేదు. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తమ చేతిని తమ తల మీదే పెట్టించి, ఈ సువార్త ఇతరులకు చెప్పడం నా బాధ్యత అని ఒప్పుకునేలా పలికించేవారు. ఏటా ఒక వారం సాక్ష్యపు వారంగా పెట్టి, ఆడా మగా అందరూ గుంపులుగా పక్క పల్లెలకు పాటలు పాడుకుంటూ వెళ్ళే ఏర్పాటు చేశారు. చదువురాని కూలీ, తన భూస్వామి వీధిలో నిలబడి తన జీవితంలో వచ్చిన మార్పు చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

దాని ఫలితం 1920ల చివర నుంచి కనిపించింది. శూద్ర కులాలవాళ్ళు కూడా వందలుగా చర్చికి రావడం మొదలైంది. ఎందుకొచ్చారని అడిగితే, ఏ ప్రసంగమో విని కాదు, మాలపల్లె మాదిగపల్లెల్లో మనుషులు మారడం చూసి వచ్చామని చెప్పేవారట. తాగుడు తగ్గింది, ఇల్లు శుభ్రపడింది, పిల్లలు బడికి వెళ్తున్నారు. నోటీసు బోర్డు చెయ్యలేని పని అది.

కొత్తవాళ్ళకు గుడి రూపమే స్వాగతం చెప్పాలని కూడా ఆయన అనుకున్నారు. డోర్నకల్ కెథడ్రల్ కట్టడానికి పాతికేళ్ళ దాకా పట్టింది. బళ్ళకూ పల్లె పనికీ డబ్బు కావలసివచ్చినప్పుడల్లా గుడి గోడలు ఆగిపోయేవి. చివరికి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఇంగ్లాండు చర్చిల నకలు కాదది. హిందూ దేవాలయ మండపాల్లాంటి రాతి స్తంభాలు, మసీదుల మీద ఉండేలాంటి గుమ్మటాలు, మినార్లు కలిపి కట్టించారు. పల్లెటూరి మనిషి గడప దగ్గర నిలబడి, ఇది పరాయి ఇల్లు కాదు అనుకోవాలని ఆయన కోరిక.

ఒప్పుకోనివాళ్ళు, ఒప్పుకోని సంగతులు

ఆయన చేసిందంతా అందరూ మెచ్చారని రాస్తే అది జీవితచరిత్ర కాదు, సన్మానపత్రం అవుతుంది. మూకుమ్మడి బాప్తిస్మాలను విమర్శించినవాళ్ళు ఎందరో ఉన్నారు. గాంధీగారికి హరిజనుల మతమార్పిడి నచ్చలేదు. 1930ల్లో ఇద్దరి మధ్యా ఆ విషయంలో గట్టి తేడా వచ్చింది. మనసు మార్చుకునే హక్కు పేదవాడికి కూడా ఉంటుందని అజరయ్య గారు నిలబడ్డారు. అదే మనిషి, క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు ఇస్తామంటే వద్దన్నారు. అలా విడగొడితే సంఘం ఒక రాజకీయ వర్గంగా మిగిలిపోతుందని ఆయన భయం.

ఇంకో సంగతి. గుడి రూపం దేశీయంగా ఉన్నా, పాటలు తెలుగు రాగాల్లో ఉన్నా, ఆరాధన క్రమం మాత్రం ఇంగ్లాండు నుంచి వచ్చిన ప్రార్థన పుస్తకానికి తెలుగు అనువాదమే. పల్లె కూలీ ఆ పుస్తకభాషతో ఎంత కుస్తీ పట్టి ఉంటాడో మనం ఊహించుకోవచ్చు. ఎంత పెద్ద మనిషైనా అన్ని తలుపులూ తెరవలేడు.

దక్షిణ భారతంలోని ప్రొటెస్టెంట్ చర్చిలన్నీ ఒకటి కావాలని ఆయన చివరిదాకా పాటుపడ్డారు. 1919లో మన తరంగంబాడిలో ఆ మాటలు మొదలుపెట్టినవారిలో ఆయన ముఖ్యులు. పల్లెలో ఒకే యేసు పేరు చెప్పి నాలుగు బోర్డులు పెడితే కొత్తవాడికి ఏం అర్థమవుతుందన్నది ఆయన బాధ. ఆ కల నిజం కావడం ఆయన చూడలేదు. పల్లెల పర్యటన తరవాత జబ్బుపడి 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. తాను కట్టించిన గుడి ఆవరణలోనే సమాధి చేశారు. దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది.

మెట్ల మీది పెద్దావిడ

ఇదంతా చదివాక నేను రాసిచ్చిన ఉత్తరాన్ని మళ్ళీ తీసి చూసుకున్నాను. తెలుగు చక్కగా ఉంది. తప్పులు లేవు. కానీ అది మా చర్చి కుర్రాళ్ళకు అర్థం కాదు. వాళ్ళకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెలుగు సంఘం కార్యదర్శిగా నాకు ఈ మాట రాయడానికి చెయ్యి ఆడటం లేదు. అయినా అజరయ్య గారి లెక్క ప్రకారం చూస్తే కష్టం చెప్పేవాడే పడాలి. పెద్దావిడకు తెలుగులో చెప్పాలి, అదీ కాగితం మీద కాదు, ఇంటికి వెళ్ళి నోటితో చెప్పాలి. కుర్రవాడికి ఫోన్‌లో తమిళంలోనో ఇంగ్లీషులోనో చెప్పి, అతణ్ణి ఆదివారం తెలుగు కీర్తన పాడేలా కూర్చోబెట్టాలి. కొత్తగా వచ్చినవాడి పక్కన ఎవరో ఒకరు వెళ్ళి కూర్చోవాలి.

చర్చి పెద్దలకు ఈ మాటలే చెప్పాను. ఇప్పుడు వాళ్ళు వీధికొకరి చొప్పున మనుషుల్ని పెట్టుకున్నారు. వేళ మారితే శనివారం సాయంత్రమే వాళ్ళు ఇళ్ళకు వెళ్ళి చెప్పి వస్తారు. మా సంఘానికి కూడా అదే పద్ధతి పెట్టాలని వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో రాశాను. ఉగాది కార్డులు పంపామని రిజిస్టరులో నంబరు వేసి ఊరుకున్న సంవత్సరాలు మాకూ ఉన్నాయి. ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ళు మా వైపు ఎందరున్నారో ఇప్పుడు లెక్క తియ్యాలి.

మన పిల్లలకు ఖ, ఘ పలకడం రాకపోతే నవ్వకండి. ముప్పై అయిదేళ్ళ వయసులో ఒక తమిళ పెద్దమనిషి మన భాష కోసం ఆ నవ్వు భరించాడని చెప్పండి. రైల్లో డోర్నకల్ మీదుగా వెళ్తే ఒకసారి దిగి ఆ గుడి చూసి రండి.